గడువు దాటుతున్న ప్రాజెక్టులో లోపం మనిషిదా, పని నడిచే తీరుదా?

ప్రశ్న (విజయవాడ):
గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను మా బృందం తయారుచేస్తోంది. ఫిబ్రవరిలో సరుకు రాక పెరిగేలోపు అది సిద్ధం కావాలి. ఆలస్యమవుతోందని ఆరుగురికి తోడు మరో ముగ్గురిని తీసుకున్నాను, కానీ పని ఇంకా నెమ్మదించింది. సోమవారం సమావేశంలో ఎవరూ ఇబ్బంది చెప్పరు; గురువారానికి ఏదో ఒకటి ఆగిపోతుంది. టెస్టింగ్ చూసే అమ్మాయి వల్లే ఇదంతా అని కొందరు నాతో విడిగా అంటున్నారు. ఆమెను మార్చమంటారా?

సమాధానం (గుంటూరు):
దయచేసి తొందరపడకండి. ఆలస్యమైన పది పనులను తీసుకుని, ఒక్కొక్కటి ఎప్పుడు మొదలైంది, టెస్టింగ్‌కు ఎప్పుడు చేరింది, ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఊరికే ఉండిపోయింది అన్నది తేదీలతో రాయండి. చేస్తున్న సమయం కంటే ఎదురుచూసిన సమయమే ఎక్కువని చాలాసార్లు తేలుతుంది. మనుషులను చేర్చడం గురించి కూడా ఒక మాట. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను పెంచితే అది మరింత ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. ఆరుగురు ఉన్నప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జతలు 15 అయితే, తొమ్మిదిమందికి అవి 36 అవుతాయి. పైగా కొత్తవారికి నేర్పేది పాతవారే.

సమాధానం (విజయవాడ):
నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ సోమవారపు మౌనం. ఆసుపత్రి బృందాలను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు, మెరుగైన బృందాలలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. అక్కడివారు దాచకుండా చెప్పగలగడమే అందుకు కారణమని ఆమె భావించారు. ఒకప్పుడు నేను అందరి ముందూ ఒక కుర్రవాణ్ణి ఆలస్యం గురించి నిలదీశాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఏ ఇబ్బందీ నా వరకు రాలేదు, ఆ తప్పు పూర్తిగా నాదే. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, "ఈ వారం మీ పని ఎక్కడ ఆగింది?" అని మాత్రమే అడగండి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. పది పనుల తేదీలు రాసి చూశాను. ఏడు పనులు బుధవారం సాయంత్రమే, ఒకేసారి టెస్టింగ్ చూసే అమ్మాయి చేతికి వచ్చాయి. అందులో నాలుగింటి విషయంలో స్టోరేజీ గుమాస్తాలు మాకు చెప్పకుండా నేరుగా కోడ్ రాసేవారికి ఫోన్ చేసి మార్పులు కోరారు. ఇకపై ఆ ఫోన్లు నాకే రావాలని వారికి చెప్పాను. రేపు ఉదయం మొదట ఆమెతో మాట్లాడతాను.