టెక్సస్ డిగ్రీకి స్టాట్స్ కోర్సు: తేలిగ్గా గట్టెక్కే దారి ఏది?

ప్రశ్న:
మా అమ్మాయి డాలస్ దగ్గర ప్రభుత్వ యూనివర్సిటీలో సైకాలజీ రెండో ఏడు. డిగ్రీకి స్టాటిస్టిక్స్ తప్పనిసరట, తనకేమో లెక్కలంటే ఆమడ దూరం. సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీలో ఐదు వారాల మ్యాథ్ 1342 (మొదటి స్థాయి స్టాటిస్టిక్స్ కోర్సు) చేస్తే సరిపోతుందా అండీ?

జవాబు 1:
ఫీజు కట్టేముందు డిగ్రీ ప్లాన్‌లో రెండు చోట్ల చూడండి. కోర్‌లో (ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిన ఉమ్మడి కోర్సుల్లో) లెక్కల గడి ఒకటి, మేజర్‌లో స్టాట్స్ గడి ఇంకోటి. మ్యాథ్ 1342 మొదటిదాన్ని నింపుతుంది. రెండోదానికి కొన్ని డిపార్ట్‌మెంట్లు సైక్ 2317 (సైకాలజీ వాళ్ల స్టాట్స్ కోర్సు) ఒప్పుకుంటాయి, కొన్ని తమ సొంత 3000 స్థాయి, అంటే పై ఏళ్ల కోర్సే కావాలంటాయి. అలాంటి కోర్సు కమ్యూనిటీ కాలేజీలో దొరకదు. ఒక్క దెబ్బకు రెండూ అయిపోతాయనుకుని చేరితే మళ్లీ స్టాట్స్ చదవాల్సి రావచ్చు. కాలేజీ పేరు, కోర్సు నంబరు, సెమిస్టర్ రాసి అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టించండి. ఫోన్లో "పర్లేదు" అన్న మాట తర్వాత అక్కరకు రాదు.

జవాబు 2:
అసలు ఇబ్బంది ఆ ఐదు వారాలతోనే. మూడు క్రెడిట్లంటే సుమారు 48 గంటల క్లాసు, అంటే వారానికి దాదాపు పది గంటలు, హోంవర్క్ వేరే. ఒక్కరోజు క్లాసు పోతే మామూలు సెమిస్టర్‌లో వారం పోయినట్టే. లెక్కల భయం ఉన్నవాళ్లకు 16 వారాలదే నయం.

ఇందులో ఆల్జీబ్రా తక్కువే. సగటు, గ్రాఫులు హాయిగా సాగిపోతాయి, శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ (గుంపు గుంపుకీ సగటు ఎలా మారుతుందో చెప్పేది) దగ్గర బండి ఆగుతుంది. మార్కుల సగటు 70, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి మార్కులు ఎంత చెదిరాయో చెప్పే కొలత) 10, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు గ్రాఫు) అనుకోండి. ఒక విద్యార్థికి 74 దాటే అవకాశం సుమారు 0.34. అదే 25 మంది సగటు 74 దాటే అవకాశం 0.023 మాత్రమే, ఎందుకంటే 10ని 25 వర్గమూలంతో భాగించి 2 తీసుకోవాలి. ఆ భాగహారం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ప్రశ్నలో "సగటు" అన్న మాట కింద గీత గీసే అలవాటు చేయించండి. ఇది పట్టుబడితే హైపాథసిస్ టెస్టింగ్‌లో (డేటాతో ఒక ఊహను పరీక్షించడంలో) సగం పని అయినట్టే. టీఐ-84 కాల్‌క్యులేటర్ అనుమతిస్తే టేబుళ్ల గొడవ ఉండదు.

టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలు సిలబస్ వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టమే ఉంది. ఫార్ములా షీటు ఇస్తారా, ఫైనల్‌కి ఎంత శాతం, హోంవర్క్‌కి ఎంత అన్నవి చూసి సెక్షన్ ఎంచుకోండి. ప్రొఫెసర్ రేటింగులకన్నా అదే నమ్మకం.

జవాబు 3:
పై మాటకు ఒక చేర్పు. కోర్సు వదిలేయాలనిపిస్తే సెన్సస్ డే (కాలేజీ విద్యార్థుల లెక్క ఖాయం చేసే రోజు) లోపే వదలాలి. ఐదు వారాల టర్మ్‌లో అది నాలుగో క్లాసు రోజుకే వచ్చేస్తుంది. ఆ తర్వాత వదిలితే టెక్సస్‌లో డిగ్రీ మొత్తానికి ఉన్న ఆరు డ్రాపుల్లో (కోర్సు వదిలే అవకాశాల్లో) ఒకటి ఖర్చు. పరీక్ష రాసి క్రెడిట్ కొట్టేద్దామంటే, క్లెప్‌లో (క్లాసుకు వెళ్లకుండా కాలేజీ క్రెడిట్ తెచ్చుకునే పరీక్షల్లో) స్టాటిస్టిక్స్ లేదు.