బీటిల్‌జ్యూస్ (1988) సగంలో ఆపేశాం, మిగతాది చూడొచ్చా?

శనివారం_సినిమా:
మా అమ్మాయికి 2024లో వచ్చిన రెండో భాగం చూడాలట, దానికి ముందు ఇది చూసి తీరాలట. టిమ్ బర్టన్ సినిమా కదా అని నేనూ కూర్చున్నా. మొగుడూ పెళ్లాం కారులో వస్తూ కుక్కని తప్పించబోతారు, కారు చెక్క వంతెన గోడ బద్దలుకొట్టుకుని ఒక చెక్క పలక మీద ఆగి వేలాడుతుంటుంది, పలక రెండో చివర అదే కుక్క నిలబడి ఉంటుంది, అది దిగి పోగానే వీళ్లు ఏట్లో. అక్కడ పగలబడి నవ్వాం. ఆ తర్వాత దయ్యాలై ఇంటికొచ్చి, గడప దాటితే ఇసుక ఎడారి, అందులో చారల పాము, అది చూస్తే నా చిన్నప్పటి టీవీ సీరియల్ గ్రాఫిక్స్ గుర్తొచ్చాయి. ఇంతకీ సినిమాకి పేరిచ్చిన దయ్యం బీటిల్‌జ్యూస్ ఏడీ? అరగంట గడిచినా ఆ వేషం వేసిన మైకేల్ కీటన్ సరిగ్గా రంగంలోకి దిగలేదు. మా ఆవిడ అప్పటికే గుర్రు. దీనికి ఇంత పేరు ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్తే మిగతాది చూస్తాం.

అటకమీద_మనిషి:
మీరు వేరే మనిషి కోసం ఎదురుచూశారండీ. 92 నిమిషాల సినిమాలో కీటన్ కనిపించేది దాదాపు 17 నిమిషాలే. కథ ఇల్లు పోగొట్టుకున్న ఆ కారు మొగుడూ పెళ్లాం ఆడం, బార్బరాలది. మన దయ్యాల సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత ఒక ఫ్లాష్‌బ్యాక్ తప్పదు, దయ్యానికి ఎవడో అన్యాయం చేసుంటాడు, పగ తీరాక వెలుగులో కలిసిపోతుంది. వీళ్లకి పగా లేదు, పాడూ లేదు. కుక్క దిగింది కాబట్టి పోయారు, అంతే. ఇక అదే ఇంట్లో 125 ఏళ్లు ఉండాలి, అదీ న్యూయార్క్ నుంచి వచ్చి గోడలు పగలగొట్టి పిచ్చి శిల్పాలు నిలబెట్టేవాళ్లతో. సొంతిల్లు అద్దెకిచ్చి ఆర్నెల్ల తర్వాత వెళ్లి హాలు గోడకి ముదురు ఊదారంగు చూశాను నేను, కాబట్టి నా ఓటు పూర్తిగా దయ్యాలకే.

వీళ్లకి భయపెట్టడం కూడా చేతకాదు. బార్బరా అల్మరాలో ఉరికి వేలాడుతూ మొహం చర్మం పీక్కుంటుంది, కొత్త ఇంటావిడ తలుపు తీస్తుంది, ఆవిడకి ఏమీ కనపడదు, మూసేసి పోతుంది. దుప్పట్లకి కన్నాలు పెట్టుకుని మూలుగుతూ తిరిగితే ఆ ఇంటి పిల్ల లిడియా కెమెరాతో ఫొటోలు తీస్తుంది. చచ్చినవాళ్లకి ఇచ్చే గైడు పుస్తకం చదివి ఆడం ఇది స్టీరియోతో వచ్చే కాగితాల్లా ఉందంటాడు. సలహా కోసం వెళ్తే పైలోకంలో కూడా చీటీ పట్టుకుని వరసలో కూర్చోవాలి! ఆ వెయిటింగ్ రూమ్‌లో ఒకడి కాలు ఇంకా సొరచేప నోట్లోనే ఉంటుంది, ఇంద్రజాలికుడి అసిస్టెంట్ రెండు ముక్కలుగా కూర్చుని ఉంటుంది, ఎవరి మొహంలోనూ బాధ లేదు, తహసీల్దారు ఆఫీసులో కూర్చున్నంత విసుగు మాత్రం ఉంది. అక్కడే ఆపేశారేమో చూడండి, అదైతే ఘోరం.

ఆరుద్ర_కార్తె:
నా పేరు చూశారుగా, నేను రాకపోతే ఎలా. సినిమాలో బీటిల్‌జ్యూస్ పేరు స్పెల్లింగ్ నక్షత్రానిది (Betelgeuse), మనం ఆర్ద్ర అంటామే అదే. నోటితో అంటే మాత్రం బీటిల్, జ్యూస్ అని వినపడుతుంది. వాడు తన పేరు తానే చెప్పుకోలేడు కాబట్టి లిడియాకి ముందు ఒక పురుగుని, తర్వాత జ్యూస్ డబ్బాని చూపించి ఊహించమంటాడు. మన దగ్గర తీసుంటే ఆరుద్ర పురుగు ఒక్కటి చూపిస్తే పని అయిపోయేది, జ్యూస్ ఖర్చు మిగిలేది. మూడుసార్లు పిలిస్తే వాడొస్తాడు. మా తాతయ్య జూన్ ఆఖర్లో మబ్బుకేసి చూస్తూ ముప్పైసార్లు పిలిచేవాడు, చినుకు పడేది కాదు.

కట్_చెప్పండి:
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, ఆడం, బార్బరా నాకు చప్పిడి పప్పులా అనిపించారు. బతికున్నప్పుడూ చచ్చాకా ఒకేలా మంచివాళ్లు. చివర్లో బీటిల్‌జ్యూస్ స్కూలు పిల్ల లిడియాని పెళ్లాడబోవడం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది, మీ అమ్మాయితో చూస్తున్నారు కాబట్టి చెప్తున్నా.

గ్రాఫిక్స్ మాట మాత్రం ఒప్పుకోను. అవి చౌకగా కనపడాలనే తీశారు. మొత్తం బడ్జెట్ కోటిన్నర డాలర్లు, అందులో ఎఫెక్ట్స్‌కి పది లక్షలు. కథ కనెక్టికట్‌లో జరుగుతుంది, బయటి సీన్లు తీసింది వెర్మాంట్‌లోని ఈస్ట్ కోరింత్ అనే ఊళ్లో, కొండ మీద కనపడే ఆ ఇల్లు షూటింగ్ కోసం నిలబెట్టిన డొల్ల. మేకప్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ అట్టముక్కల వాటం లేకపోతే నవ్వు రాదు, జుగుప్స వస్తుంది.

అటకమీద_మనిషి:
చప్పిడి పప్పు నిజమే, కానీ డిన్నర్ సీన్ మర్చిపోయారా? దయ్యాలు ఆడిస్తే అతిథులంతా హ్యారీ బెలఫాంటే పాటకి తమకి తెలియకుండానే నోరు కదుపుతూ డ్యాన్స్ చేస్తారు, గిన్నెల్లోని రొయ్యలు చేతులై మొహాలు పట్టుకుంటాయి. ఇక సామాను సర్దుకుంటారని దయ్యాలు పైన ఆశగా ఎదురుచూస్తుంటే కిందవాళ్లు సంబరంగా అటక తలుపు కొడతారు, ఇంకోసారి చెయ్యండని. ఇంటాయన అప్పుడే దీన్ని టూరిస్టు స్పాట్ చేసి డబ్బు చేసుకోవాలని లెక్కలేస్తుంటాడు. మన ఆనందో బ్రహ్మ (2017)లో కూడా ఇల్లు అమ్మడం చుట్టూనే గొడవ, దయ్యాలే మనుషులకి భయపడతాయి. అది నచ్చినవాళ్లకి ఇది కచ్చితంగా నచ్చుతుంది.

శనివారం_సినిమా:
మిగతాది చూసేశాం. మేం ఆపింది వెయిటింగ్ రూమ్‌కి రెండు నిమిషాల ముందు, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆఖర్లో వాడు కూడా లక్షల కోట్ల నంబరున్న చీటీ పట్టుకుని అదే గదిలో కూర్చుంటే మా ఆవిడ సరిగ్గా అప్పుడే లేచి, మొన్న మనం రేషన్ కార్డు కోసం కూర్చున్నదే నయం అంది. పెళ్లి సీన్ విషయం ముందే చెప్పినందుకు థాంక్స్, అక్కడ కాఫీ పెట్టే నెపంతో నేను లేచాను. మా అమ్మాయి మాత్రం నిన్నటి నుంచి ఆ పేరు రెండుసార్లు అని, మూడోసారికి నోరు తెరిచి, మా ఆవిడకేసి చూసి ఆగిపోతోంది.