అప్‌డేట్: టేస్టింగ్ మెనూ గురించి రెస్టారెంట్‌కి రాశాను

పెళ్లిరోజుకి ఎంతో పేరున్న రెస్టారెంట్‌లో 12 కోర్సుల టేస్టింగ్ మెనూ (చెఫ్ ఎంచిన వంటకాలు కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే భోజనం) తిని నిరాశపడ్డామని, వాళ్లకి చెప్పాలా వద్దా అని అడిగాను కదా. మీరు చెప్పమన్నారు, రాశాను. బాగాలేదని ఊరుకోకుండా జరిగింది జరిగినట్టు రాశాను. ఐదో కోర్సు అయ్యాక 40 నిమిషాలు ఖాళీ టేబుల్ ముందు కూర్చున్నాం. చేప వచ్చేసరికి ప్లేటు చల్లగా ఉంది, సాస్ మీద తెట్టు కట్టేసింది.

మర్నాడే చెఫ్ ఫోన్ చేశారు. సాకులు చెప్పలేదు, అది నాకు నచ్చింది. కోర్సులన్నీ వరసగా వెళ్లాలి కాబట్టి కిచెన్‌లో ఒకచోట ఆలస్యమైతే వెనకవన్నీ ఆగిపోతాయట. అప్పుడే చెప్పుంటే ప్లేటు మార్చేవాళ్లమన్నారు. సగం డబ్బు వెనక్కి ఇచ్చారు, మళ్లీ రమ్మన్నారు. మా ఆవిడకి మాత్రం ఇంకా మనసు రావట్లేదు.