లింకన్ దిద్దిన సీవర్డ్ ఉత్తరం: ‘అన్యాయం’ కొట్టేసి ‘హానికరం’ అంటే సరిపోతుందా?

శారద:
1861 మే 21న అమెరికా విదేశాంగ మంత్రి విలియం సీవర్డ్ లండన్‌లోని తమ ప్రతినిధి చార్ల్స్ ఫ్రాన్సిస్ ఆడమ్స్‌కి రాసిన పదో నంబరు ఉత్తరం ఉంది కదా. దాని ముసాయిదాను అధ్యక్షుడు లింకన్ చదివి, మాటలు మార్చి, కొన్ని వాక్యాలు కొట్టేసి తిరిగి ఇచ్చాడు. ముసాయిదానీ దిద్దుబాట్లనీ పక్కపక్కన పెట్టి తెలుగు చేస్తున్నాం. ఒక మాట కుదరడం లేదు.

సందర్భం రెండు ముక్కల్లో: అంతర్యుద్ధం మొదలై నెల దాటింది. తిరుగుబాటు రాష్ట్రాలు పంపిన మనుషుల్ని బ్రిటిష్ విదేశాంగ మంత్రి లార్డ్ జాన్ రసెల్ అనధికారికంగా కలవడానికి సిద్ధపడ్డాడని ఆడమ్స్‌కి ముందున్న డలాస్ కబురు పంపాడు. సీవర్డ్ మండిపడ్డాడు. అనధికారికమని పిలిచినంత మాత్రాన అలాంటి సంప్రదింపులు ‘రాంగ్‌ఫుల్’ కాకుండా పోవని రాశాడు. లింకన్ ఆ ఒక్క మాట కొట్టి ‘హర్ట్‌ఫుల్’ అని పెట్టాడు. మేం మొదటిదానికి ‘అన్యాయం’, రెండోదానికి ‘హానికరం’ అని రాశాం. చదివినవాళ్లకు లింకన్ ఎందుకు దిద్దాడో అందడం లేదు. ఏ మాట వాడాలి?

వెంకటరమణ:
శారద గారూ, ‘అన్యాయం’ సరిగ్గా ఉంది, దాన్ని కదపకండి. ‘అన్యాయం’ అనగానే చేసినవాడు దోషి అయిపోతాడు, అంటే తీర్పు చెప్పేసినట్టే. సీవర్డ్ చేసింది అదే, బ్రిటన్‌ని బోనులో నిలబెట్టాడు. లింకన్ ఆ తీర్పు తీసేసి, దానివల్ల జరిగేది మాత్రం ఉంచాడు. ఎదుటివాడు దుర్మార్గంగా చేశాడో, తెలియక చేశాడో, తన లాభం కోసం చేశాడో అనవసరం. దెబ్బ తగులుతోంది, అంతవరకే.

చిక్కంతా ‘హానికరం’తోనే. ఆ మాట ఇప్పుడు సిగరెట్ పెట్టె మీదా, పురుగుమందు డబ్బా మీదా హెచ్చరికగా స్థిరపడిపోయింది. వస్తువులకే ఎక్కువ వాడతాం. రెండు ప్రభుత్వాల నడవడి గురించి చెప్పేటప్పుడు ‘చేటు’ అనండి. ‘కీడు’ కూడా అర్థానికి సరిపోతుంది గానీ అందులో జాతకం వాసన ఉంది. ‘నష్టం’ వాడొద్దు, దానికి కారణం ఉంది. తర్వాతి పాదంలోనే సీవర్డ్ ‘ఇంజూరియస్’ అన్నాడు: అనధికారిక సంప్రదింపుల్లో ఏం తేల్చుకుంటున్నారో మనకు తెలిసే దారి లేదు కాబట్టి అవి ఇంకా ఎక్కువ ఇంజూరియస్ కావచ్చని. ‘నష్టం’ అక్కడికి దాచుకోవాలి.

మాధవి:
చేటు బాగుంది. నా సూచన వాక్యం కట్టడం గురించి. ‘బ్రిటన్ మనకు చేసే అన్యాయం’ అని ఒకచోటా ‘మనకు కలిగే చేటు’ అని ఇంకోచోటా రాస్తే క్రియ కూడా మారుతుంది. లింకన్ క్రియ ముట్టుకోలేదు. రెంటికీ సరిపోయే క్రియ ఒకటి ముందే ఎంచుకోండి. ‘మనకు జరిగే అన్యాయం తగ్గదు’, ‘మనకు జరిగే చేటు తగ్గదు’ అంటే మారిన మాట ఒక్కటే అవుతుంది. దిద్దుబాట్లు చూపించే అనువాదంలో ఇది మొదటి షరతు: ఆయన వేలు పెట్టని చోట మన వేలు పడకూడదు.

ఇదే ఉత్తరంలో ఇంకో గొయ్యి ఉంది. డలాస్ అభ్యంతరం చెప్పనందుకు అధ్యక్షుడు ‘సర్‌ప్రైజ్డ్ అండ్ గ్రీవ్డ్’ అని సీవర్డ్ రాస్తే, లింకన్ దాన్ని ‘రిగ్రెట్స్’ చేశాడు. చాలామంది ‘అధ్యక్షుడు విచారిస్తున్నారు’ అని రాసేస్తారు. తెలుగులో విచారించడమంటే దర్యాప్తు చేయడం కూడా. డలాస్ సంగతి ఎత్తిన చోట ‘విచారిస్తున్నారు’ అంటే ఆయన మీద విచారణ వేసినట్టే చదువుకుంటారు!

శారద:
‘చింతిస్తున్నారు’ అనుకున్నాం. పత్రికల సవరణల్లోనూ, కరెంటు కోత నోటీసుల్లోనూ ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రోజూ కనబడుతుంది కాబట్టి మరీ చప్పగా ఉందేమోనని సందేహం.

మాధవి:
ఆ చప్పదనమే కావాలండీ. ‘రిగ్రెట్స్’ అప్పటి దౌత్య భాషలో అరిగిపోయిన మాట. మొదటిది ‘ఆశ్చర్యమూ ఆవేదనా కలిగాయి’ అని నిండుగా రాసి, రెండోది ‘చింతిస్తున్నారు’ అని వదిలేయండి. మంట ఎంత తగ్గిందో చదివేవాళ్లకు అక్కడే తెలుస్తుంది. రెండోదానికి ‘తీవ్రంగా’ లాంటి విశేషణం తగిలించారో, లింకన్ దిద్దింది మీరు చెరిపేసినట్టే.

అదే వాక్యంలో సీవర్డ్ తిరుగుబాటుదారుల మనుషుల్ని ‘మిషనరీలు’ అన్నాడు. మత ప్రచారకులు కారు, ‘దూతలు’ అనండి. డలాస్, ఆడమ్స్‌ల హోదా ‘మినిస్టర్’. దాన్ని ‘మంత్రి’ అనకూడదు. 1893 దాకా అమెరికా పూర్తిస్థాయి రాయబారుల్ని నియమించలేదు, ‘దౌత్య ప్రతినిధి’ క్షేమం. ఈ ఉత్తరంలో ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ (విదేశాంగ మంత్రి) అని వచ్చిన చోట్ల కూడా ఎవరి గురించో చూసుకోవాలి. ఈ కాగితం కాపీ ఇవ్వమని ఆడమ్స్‌కి చెప్పిన వాక్యంలో ఆ మాట రసెల్ గురించి, సీవర్డ్ గురించి కాదు. అక్కడ ‘బ్రిటిష్’ అని ముందు చేర్చకపోతే సీవర్డ్ తన కాపీ తనకే ఇవ్వమన్నట్టు అవుతుంది.

వెంకటరమణ:
డలాస్ అభ్యంతరం చెప్పలేదన్న వాక్యంలోనే రెండో సగం కూడా చూడండి. బ్రిటిష్ ప్రభుత్వం సంజాయిషీ అడిగితే డలాస్ దానికీ అభ్యంతరం చెప్పలేదని సీవర్డ్ ఫిర్యాదు. లింకన్ పక్కన కారణంతో సహా రాశాడు: అలాంటి సంజాయిషీ అడిగినట్టు కనబడదు కాబట్టి తీసేయండి. ఇల్లినాయిలో ఏళ్ల తరబడి వకీలుగా ఉన్న మనిషి. కాగితాల్లో లేనిది వాదనలోకి రానివ్వలేదు. ‘కనబడదు’ అన్న మాట అలాగే ఉంచండి. ‘అడగలేదు’ అని రాస్తే ఆయన అననిది అన్నట్టవుతుంది.

‘సంజాయిషీ’ ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఆఫీసులో పైవాడు కిందివాడిని అడిగేది సంజాయిషీ, సమానులు అడిగేది వివరణ. సీవర్డ్ కోపమంతా ఆ పైచేయి మీదే. అంతకు ముందు ఏప్రిల్ 1న ఆయన లింకన్‌కి ఇచ్చిన ‘అధ్యక్షుడి పరిశీలనకు కొన్ని ఆలోచనలు’ అనే పత్రంలోనూ ఇదే మాట పనికొస్తుంది. స్పెయిన్, ఫ్రాన్సులను వెంటనే నిలదీసి అడగాలనీ, తృప్తికరమైన జవాబు రాకపోతే కాంగ్రెస్‌ని పిలిచి యుద్ధం ప్రకటించాలనీ అందులో ఉంది. అక్కడ ‘వివరణ కోరాలి’ అంటే నీరుగారిపోతుంది.

సుబ్బారావు:
ఆ పత్రానికి లింకన్ జవాబు కూడా తెలుగు చేస్తే ఒక్క అక్షరం మీద దృష్టి పెట్టండి. విధానం ఏదైనా దాన్ని పట్టుదలగా నడిపే మనిషి ఒకరు ఉండాలి, అధ్యక్షుడైనా ఉండాలి లేదా మంత్రివర్గంలో ఒకరికి అప్పగించాలి అని సీవర్డ్ అన్నాడు. లింకన్ అదే రోజు రాసిన జవాబు: ‘ఇది చేయక తప్పదంటే, చేయవలసినది నేనే’. ఆ ‘నే’ ఒక్కటి చాలు. ‘నేను మాత్రమే’, ‘స్వయంగా నేనే’ అని పెంచితే గద్దింపు అవుతుంది. ఆయన గద్దించలేదు. మంత్రివర్గం అంతటి సలహా తీసుకునే హక్కు తనకుందని అనుకుంటున్నానని చెప్పి ఊరుకున్నాడు. చివర సంతకం పైన ‘మీ విధేయుడు’ అనండి. అది తెలుగు ఉత్తరాల్లో పాతుకుపోయిన మర్యాద, ‘మీ విధేయ సేవకుడు’ అక్కర్లేదు. ఆ జవాబు లింకన్ కాగితాల్లోనే దొరికింది, సీవర్డ్‌కి పంపి ఉండకపోవచ్చు. అందుకని పీఠికలో ‘పంపాడు’ అనకుండా ‘రాశాడు’ అనండి.

పదో నంబరు ఉత్తరానికి వస్తే, ‘విల్ బీ బోర్న్’ దగ్గర ఏం రాశారు?

శారద:
‘ఇలాంటి చర్యలు వేటినీ అమెరికా సహించదు’. లింకన్ దాన్ని ‘పాస్ అన్‌క్వశ్చన్డ్’ చేశాడు కాబట్టి ‘ప్రశ్నించకుండా ఊరుకోదు’.

సుబ్బారావు:
మొదటిది సరే, సభల్లో ‘సహించేది లేదు’ అని వింటూనే ఉంటాం, బెదిరింపు అందులో ఉంది. రెండోది మార్చాలమ్మా. తెలుగులో ‘ఊరుకోం’ అన్నదే సగం బెదిరింపు. ‘ప్రశ్నించకుండా’ ముందు పెట్టినా చెవిలో మిగిలేది ‘ఊరుకోదు’. ‘ప్రశ్నించక మానదు’ అనండి. అడగడం ఖాయం, ఆపైన ఏం చేస్తామో చెప్పడం లేదు. లింకన్ తలుపు అంతవరకే తెరిచి ఉంచాడు. పక్కన ‘ఈ విషయంలో’ అని కూడా ఉంది, అది వదిలేయకండి. దాంతో మాట ఈ ఒక్క వివాదానికే పరిమితమవుతుంది.

మాధవి:
అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది చివరి దిద్దుబాటు. ఇక్కడి నుంచి చివరిదాకా తీసేసి, దాని బదులు ఒక వాక్యం రాయమన్నాడు: ఈ కాగితం మీ మార్గదర్శనానికి మాత్రమే, ఎవరికీ ‘రీడ్ ఆర్ షోన్’ కాకూడదు అని. దీన్ని ‘ఎవరూ చదవరాదు, చూడరాదు’ అని తెలుగు చేస్తే వాక్యం విరిగిపోతుంది. చదవకూడనిది ఆడమ్స్‌కి పంపడమెందుకు? ఆ రోజుల్లో ప్రతినిధి తన ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తరాన్ని విదేశాంగ మంత్రి ఎదుట కూర్చుని పైకి చదివేవాడు, అడిగితే కాపీ ఇచ్చేవాడు. ‘రీడ్’ అంటే ఆ చదవడం. కాబట్టి ‘ఎవరికీ చదివి వినిపించరాదు, చూపరాదు’. రెండూ వేర్వేరు పనులు, రెంటినీ కలిపి ‘వెల్లడించరాదు’ అని కుదించొద్దు.

సీవర్డ్ చివరి భాగాన్ని పూర్తిగా తీసేయలేదు. చాలావరకు ఉంచి, ఈ కాగితం బ్రిటిష్ మంత్రికి చదివి వినిపించడానికీ చూపడానికీ కాదన్న హెచ్చరిక చేర్చి పంపాడు. అందుకని మీ పుస్తకంలో రెండు నిలువు వరుసలు చాలవు. ముసాయిదా, లింకన్ దిద్దినది, చివరికి వెళ్లినది అని మూడు ఉండాలి.

వెంకటరమణ:
దీనివల్ల ఇంకో ప్రశ్న పుడుతోంది, ఇంగ్లిష్‌లో లేనిది, మనకు తప్పనిది. ‘రాంగ్‌ఫుల్ టు అస్’. మాకా, మనకా? సీవర్డ్ మొదటి ముసాయిదాలో ఈ కాగితం కాపీ ఒకటి రసెల్ చేతికిచ్చి, ఆపైన మాటలు ఆపేయమని ఆడమ్స్‌కి చెప్పాడు. అంటే ఆడమ్స్‌కి రాస్తున్నట్టు రాసినా వినాల్సింది రసెల్. అతనికి వినిపించేది ‘మాకు’ అవ్వాలి. లింకన్ ఆ కాపీ మాట కొట్టేశాడు. ఇక అది ఇద్దరు అమెరికన్ల మధ్య మాట, ‘మనకు’ అవుతుంది. లింకన్ చేసింది ఒక రకంగా ‘మా’ని ‘మన’ చేయడమే!

మాధవి:
ఆలోచన చాలా బాగుందండీ. అయినా ముసాయిదాలో ‘మాకు’ పెట్టడానికి ఒప్పుకోను. చిరునామా ఆడమ్స్‌ది. ఆయనకి రాస్తూ ‘మాకు’ అంటే ఆయన్ని ఆ ప్రభుత్వం నుంచి బయటపెట్టినట్టే. ఇద్దరు అధ్యక్షుల ఇంటివాడు, జాన్ ఆడమ్స్ మనవడు, జాన్ క్విన్సీ ఆడమ్స్ కొడుకు. కాపీ చదివే రసెల్ చాటున వినేవాడే గానీ ఉత్తరం అందుకునేవాడు కాడు.

సుబ్బారావు:
‘ఈ దేశానికి’ అని తప్పించుకోవచ్చు. సీవర్డే ఇంకోచోట ‘ఈ దేశపు అంతఃశత్రువులు’ అన్నాడు.

మాధవి:
తప్పించుకుంటే రెండు వరుసల్లోనూ తప్పించుకోవాలి. ఒకచోట ‘ఈ దేశానికి’, ఇంకోచోట ‘మనకు’ అంటే లింకన్ సర్వనామం కూడా మార్చాడనుకుంటారు. రెంటిలోనూ ‘మనకు’ ఉంచి, వెంకటరమణ గారు చెప్పింది కింద వ్యాఖ్యగా ఇవ్వండి. ఆ వ్యాఖ్య చదివితే చివరి వాక్యం ఎంత పని చేసిందో తెలుగువాళ్లకు ఇంగ్లిష్ పాఠకులకన్నా బాగా అర్థమవుతుంది.

శారద:
మన, మా అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. 1865 జనవరి 31న లింకన్ సీవర్డ్‌ని తిరుగుబాటు పక్షంతో హాంప్టన్ రోడ్స్‌లో జరగబోయే శాంతి సంప్రదింపులకు పంపుతూ మూడు షరతులు రాసిచ్చాడు: అన్ని రాష్ట్రాల్లో జాతీయ ప్రభుత్వ అధికారం తిరిగి నిలబడాలి, బానిసత్వం విషయంలో వెనకడుగు లేదు, యుద్ధం ముగిసి ఎదుటి సేనలన్నీ రద్దయ్యేదాకా కాల్పుల విరమణ లేదు. ఏదీ ఖాయం చేసి రావొద్దని కూడా చెప్పాడు. ఆ ఆదేశాలకు ఆధారం రెండు పక్షాల మధ్య కబుర్లు మోసిన బ్లెయిర్‌కి జనవరి 18న రాసిన ఉత్తరం. తిరుగుబాటు రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ‘రెండు దేశాలకు శాంతి’ అంటే లింకన్ దానికి జవాబుగా ‘అవర్ వన్ కామన్ కంట్రీ’ ప్రజలకు శాంతి అన్నాడు. ‘మన ఉమ్మడి దేశం’ అని రాశాం. బాగుందా?

వెంకటరమణ:
‘మన’ తప్పనిసరి. డేవిస్‌కి చూపించడానికి రాసిందే కదా, ‘మా’ అంటే కథ అక్కడే ముగుస్తుంది. ‘ఉమ్మడి’ మాత్రం తీసేయండి. 2014 తర్వాత మనం ‘ఉమ్మడి ఆంధ్రప్రదేశ్’, ‘ఉమ్మడి జిల్లా’ అని దేన్ని అంటున్నాం? ఒకప్పుడు కలిసి ఉండి ఇప్పుడు విడిపోయినదాన్ని. ఆ మాట వింటే పంపకం అయిపోయిందని అర్థం. లింకన్ కాదన్నది సరిగ్గా దాన్నే. ‘మనందరిదీ అయిన ఒకే దేశం’ అనండి. పొడవైనా పరవాలేదు, ‘ఒకే’ వదలొద్దు. ‘రెండు’కి జవాబు అదే.

శారద:
మార్చేశాం. చేటు ఉన్న భాగం ఇలా వచ్చింది. చదరపు బ్రాకెట్లో ఉన్నది లింకన్ కొట్టేసింది, కోట్స్‌లో ఉన్నది ఆయన రాసింది. మాట మీద అడ్డగీత పెట్టి చూశాం గానీ గుడులూ వత్తులూ గీతలో కలిసిపోయి అచ్చులో చదవడానికి రావడం లేదు.

“ప్రతినిధులమని చెప్పుకునే ఆ మనుషులతో ఏ రకం సంప్రదింపులు జరిపినా, వారిని నియమించిన అధికారాన్ని గుర్తించినట్టే అర్థం తీసే వీలుంది. వాటికి అనధికారికమని పేరు పెట్టినంత మాత్రాన మనకు జరిగే [అన్యాయం] ‘చేటు’ తగ్గదు. వాటిలో ఏయే సంగతులు తేల్చుకుంటారో మనకు తెలిసే దారి ఉండదు కనుక నష్టం ఇంకా ఎక్కువే కావచ్చు.”

మాధవి:
‘అర్థం తీసే వీలుంది’ చాలు, దాని ముందున్న ‘గుర్తించినట్టే’లో ‘ఏ’ తీసేయండి. అది ఉంటే అర్థం ఖాయమైపోయినట్టుంది. ‘గుర్తించినట్టు అర్థం తీసే వీలుంది’. మిగతాది అచ్చుకి పంపొచ్చు.