ఆర్‌పీఈ65లో అరుదైన మార్పు: కుక్కల సమాచారం ఎంతవరకు పనికొస్తుంది?

మాది హనుమకొండ. మా బాబుకు ఏడేళ్లు. పగలు బాగానే ఆడుకుంటడు. పొద్దుగూకితే గోడ పట్టుకొని నడుస్తడు, చెప్పులు కూడా కాలితో తడిమి వెతుక్కుంటడు. జన్యు పరీక్షలో, చూపుకు అవసరమైన ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు కాపీల్లోనూ ఒక అమైనో ఆమ్లం మారిందని, ప్రభావం మాత్రం తెలియదని రాశారు. తల్లిదండ్రులం మా ఇద్దరిలో ఈ మార్పు ఒక్కో కాపీలోనే ఉంది.

జన్యుమార్పులకూ జబ్బులకూ ఉన్న సంబంధాన్ని నమోదు చేసే క్లిన్‌వార్‌లో, జనంలో ఏ మార్పు ఎంతమందికి ఉందో చూపే నోమ్యాడ్‌లో ఈ మార్పే లేదు. జంతువుల జన్యువ్యాధుల జాబితా ఓమియా కూడా చూశాను. బ్రియార్డ్ కుక్కల్లో ఇదే జన్యువులో నాలుగు డీఎన్‌ఏ అక్షరాలు పోయి రేచీకటి వస్తుంది. ఈ జన్యువు లోపానికి 2017లో అమెరికా ఆమోదించిన జన్యుచికిత్సకు దారి చూపింది ఆ కుక్కలే. మా వాడి మార్పు వేరే చోట ఉంది. కుక్క, ఎలుక, కోడి ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడ అన్నిట్లో ఒకటే అమైనో ఆమ్లం. అయితే ఇది చిన్న ఆధారమేనట.

రిపోర్టులో దీన్ని వ్యాధికారకంగా మార్చాలంటే, దీనికి తోడు ఇంకే ఆధారం చూపించాలి?