నీరుగప్పిన నిప్పా, నీఱుగప్పిన నిప్పా?

బ్రాడీపేట బుల్లెమ్మ: చెరువు అడుగున కర్బనం ఎలా దాక్కుంటుందో పిల్లల కోసం రాస్తున్నాను. మా నాయనమ్మ "నీరుగప్పిన నిప్పు" అనేది, నివురు అని ఎప్పుడూ అనలేదు. నీళ్లు కప్పితే నిప్పు ఆరిపోదూ అని నవ్వేదాన్ని. ఇప్పుడు శీర్షికకి అదే కావాలనిపిస్తోంది. దాని వెనక "ఊదితే గానీ..." అని ఇంకో ముక్క ఉండేది, గుర్తు రావట్లేదు. ఎవరికైనా తెలుసా?

బండి ఱ: అది నీళ్ల నీరు కాదమ్మా, నీఱు. బూడిద. తమిళుల తిరునీఱు అదే. బండి ఱని మూలకి తోసేశాక బూడిదా నీళ్లూ ఒకటైపోయాయి.

థర్మల్ మనిషి: మాట సరే, సైన్సు కుదరదు. కర్బనం కాలి గాల్లో కలిశాక మిగిలేదే బూడిద. మీకు కావలసింది నీఱులో లేదు, కింద నిప్పులో ఉంది.

బ్రాడీపేట బుల్లెమ్మ: నేననేదీ అదే కదండీ! బూడిద గాలి తగలనివ్వదు కాబట్టే నిప్పుకణిక తెల్లారేదాకా బతుకుతుంది. చెరువు బురదలోనూ అంతే, కొంచెం లోతుకి దిగితే ఆక్సిజన్ ఉండదు, రాలిన ఆకూ చచ్చిన నాచూ పూర్తిగా కుళ్లవు. 2007లో వేసిన ఒక లెక్క ప్రకారం ఏటా నేల మీంచి నదుల్లోకి, చెరువుల్లోకి సుమారు 190 కోట్ల టన్నుల కర్బనం దిగుతుంటే సముద్రానికి చేరేది 90 కోట్లే. మిగతాదాంట్లో ఎక్కువ గాల్లోకి పోతుంది, 20 కోట్ల దాకా బురదలోనే ఉండిపోతుంది.

కొల్లేటి కొంగ: ఆ బురదలో కర్ర గుచ్చితే బుడబుడా లేచే గాలిలో మీథేన్ ఉంటుంది, అంటుకుంటుంది కూడా. అంటే నాయనమ్మగారిది నీళ్ల నీరే! కొరివిదెయ్యం కూడా ఇదేనని నా అనుమానం.

బండి ఱ: మాట పుట్టుక అడిగితే దెయ్యాన్ని తెస్తారేంటండీ. పాత కవులు ప్రాసలో ర, ఱ కలపరు. నీఱు ప్రాసలో పడ్డ పద్యం ఒక్కటి పట్టండి, తేలిపోతుంది.

గాంధీనగర్ వాసి: తిక్కనలో వెతకండి. ఆయన మొదలెట్టిందే విరాటపర్వంతో, అదంతా నివురుగప్పిన నిప్పే కదా, భీముడైతే ఏకంగా పొయ్యి దగ్గరే! ద్రోణుడు అర్జునుణ్ణి గుహలో ఆకలిమీదున్న సింహంతో పోల్చే పద్యం వస్తే నేను ఇప్పటికీ పని ఆపేస్తాను.

చిప్పబొగ్గు: "నీరుగారిపోవడం" కూడా నీఱేనని మా మాష్టారు అనేవారు. ఇంకో సంగతి, కొబ్బరిచిప్ప బొగ్గుని బాగా వేడి ఆవిరి పట్టిస్తే లోపలంతా సన్నటి చిల్లులు పడి, గ్రాముకి వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం వస్తుంది, నీళ్ల ఫిల్టర్లలో వేసేది అదే. దాన్ని "ఉత్తేజిత కర్బనం" అంటున్నారు. బొగ్గుకి ఉత్తేజమేంటండీ బాబూ. కార్బన్ డయాక్సైడ్‌ని బొగ్గుపులుసు గాలి అన్నవాళ్లే నయం.

బండి ఱ: మాష్టారు పొరబడ్డారు. కారేది నీళ్లే. బూడిద రాలుతుంది.

థర్మల్ మనిషి: నా మాట కొంచెం సవరించుకోవాలి. మా బొగ్గు బూడిదలో కాలని కర్బనం కాస్త మిగులుతుంది. ఆ బూడిదని మళ్లీ కాల్చి ఎంత బరువు తగ్గిందో చూస్తాం, మరీ ఎక్కువైతే సిమెంటులో కలపడానికి పనికిరాదు. పైగా విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రంలో బూడిదని నీళ్లలో కలిపి గొట్టాల్లో చెరువుకి తోలతారు. నీరుగప్పిన నీఱు. మీ రెండు ర-లూ మా దగ్గరే ఉన్నాయి.

బండి ఱ: బుల్లెమ్మగారూ, ఒక్కటి చెప్పండి. నాయనమ్మగారు ఆ ర గట్టిగా పలికేవారా, మెత్తగానా?

బ్రాడీపేట బుల్లెమ్మ: ఆవిడకి పళ్లు లేవండీ. "నీలు" అని వినపడేది.