ఠాకురాణి యాత్ర అయిపోయాక మన వీధి కమిటీలు ఏమవుతున్నాయి?

పాతబస్తీ చీరల కొట్టు:

నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురంలో బడాబజారు వెనక వీధి. మా మామగారు మగ్గం నేసేవారు. ఇప్పుడు మగ్గం లేదు, ఆ ముందుగదిలోనే నేను పట్టుచీరల కొట్టు నడుపుతున్నాను. పొద్దస్తమానం గుమ్మంలో కూర్చునేదాన్ని కనుక వీధిలో ఏం జరిగినా నా కళ్ల ముందే జరుగుతుంది.

అడగదలచుకున్నది ఇదీ. యాత్రకు అంత చక్కగా పనిచేసే వీధి కమిటీని ఆ తర్వాత కూడా నిలబెట్టుకోవడం ఎలా? మీ వీధుల్లో ఎవరైనా చేసి చూశారా?

ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి చదివేవారి కోసం కాస్త చెబుతాను. బుఢీ ఠాకురాణి తల్లి రెండేళ్లకోసారి పుట్టింటికి వస్తుంది. నేతపనివారి కులపెద్ద దేశీబెహరా దంపతులు గుడికి వెళ్లి ఆడపడుచును పిలుస్తారు. దేశీబెహరా వీధిలో పందిరి గుడి కడతారు. అప్పటి నుంచి మూడు నాలుగు వారాలు ఊరు ఊరంతా రాత్రిళ్లు మేలుకునే ఉంటుంది. ఘటాలు తలకెత్తుకుని ఆడవాళ్లు వీధులు తిరుగుతారు, మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు, వీధికో రథం, అంటే గుంజలు పాతి కట్టే అలంకరణ కట్టడం, లేస్తుంది.

ఆ రోజుల్లో మా వీధిని చూస్తే ముచ్చటేస్తుంది. చందా పుస్తకం పట్టుకుని పెద్దలు ఇంటింటికీ వస్తారు, తెలుగువారిల్లా ఒడియావారిల్లా అని చూడరు. వెదురు ఎవరు తేవాలో, దీపాల తీగలు ఎవరు లాగాలో, ఘటాలు వచ్చే రాత్రి వీధి కడిగి ముగ్గులు ఎవరు పెట్టాలో ఒకరు చెప్పక్కర్లేదు. పులివేషం మొక్కుకున్న పిల్లవాడికి ఒంటినిండా పసుపు రంగు పూసి నల్లచారలు దిద్దేది మా అరుగు మీదే. రంగు ఆరేదాకా వాడు చేతులు బారజాపి కదలకుండా నిలబడతాడు. పెదవుల చుట్టూ రంగు చెదరకుండా వాళ్లమ్మ చెంచాతో మజ్జిగ పోస్తుంది. దారిన పోయేవాళ్లు ఆగి విసనకర్రతో విసిరి పోతారు. ఎవరి పిల్లవాడని అడగరు.

అమ్మవారు తిరిగి గుడికి చేరిందా, మర్నాటి నుంచి ఈ మనుషులే కనబడరు. రథం గుంజల కోసం తారురోడ్డు మీద తవ్విన గుంటలు అలాగే ఉంటాయి. పోయినసారి ఒక గుంటలో సైకిలు చక్రం దిగి పాలబ్బాయి పడ్డాడు, క్యాను దొర్లి పాలన్నీ కాలువలో కలిశాయి. అలంకరణకు వాడిన థర్మోకోల్ ముక్కలు గాలికి కొట్టుకుపోయి కాలువలో పడతాయి. జూన్‌లో మొదటి వాన కురిసేసరికి అవి మూలమలుపు దగ్గర అడ్డుపడి నీళ్లు మా కొట్టు మెట్టెక్కుతాయి. అప్పుడు ఎవరిని అడిగినా “మాది యాత్ర కమిటీ కదమ్మా” అంటారు.

పని చేతకాని వీధి అయితే సరిపెట్టుకునేదాన్ని. అంత పనిమంతులు చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తేనే నాకు మనసొప్పడం లేదు.

మగ్గం పెద్దాయన:

అమ్మా, నువ్వు అడిగింది న్యాయమైన మాట. మా పూర్వులు రాజమండ్రి ప్రాంతం నుంచి నేతపనికి ఇక్కడికి వచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. వచ్చినప్పటి నుంచి యాత్రలో ఏ పని ఏ ఇంటిదో తెలుసు. కాలువ ఏ ఇంటిదని అడిగితే ఎవరికీ తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

రెండు సంగతులు మా వీధిలో కుదిరాయి. చందా పుస్తకంలో మొదటి పద్దు రథం పేరున రాయము. “గుంటలు, శుభ్రం” అని రాసి ఆ డబ్బు ముందే పక్కన పెడతాము. చివరలో మిగిలితే చూద్దామనుకుంటే ఎన్నడూ మిగలదు, దీపాలవాడి బాకీ ఎప్పుడూ పెరిగే ఉంటుంది. ఇక రెండోది, పందిరివాడికి ఆఖరి వాయిదా గుంటలు పూడ్చాకే ఇస్తాము. మొదట గొణిగాడు, తర్వాత వాడే గుంజలు పీకిన రోజున కంకర, సిమెంటు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. లెక్కలు కాగితం మీద రాసి గోడకు అంటిస్తాము. అందరూ నిలబడి చదువుతారు, అడగవలసినవి అడుగుతారు. అడగడం మరిగితే మనిషి వీధిని వదలడు.

గేట్ బజార్ గృహిణి:

అక్కా, పెద్దాయన చెప్పినవి బాగున్నాయి. కానీ అమ్మవారి కమిటీ మీదే కాలువ పని వేయడానికి నేను ఒప్పుకోను. మా వీధిలో అలా మొదలుపెట్టి వదిలేశాము. ఆ కమిటీలో అందరూ మగవాళ్లే. కుళాయి ఎన్నింటికి వస్తుందో, కాలువ ఏ ఇంటి ముందు పొంగుతుందో తెలిసినవాళ్లు ఆడవాళ్లు, వాళ్లకు అందులో చాప వేసేవాళ్లే లేరు. పైగా యాత్రకు చందా ఇవ్వని ఇళ్లు కూడా ఉంటాయి కదా. మా వీధిలో రెండు ముస్లిం కుటుంబాలు, వైద్య కళాశాలలో చదువుకునే పిల్లలు అద్దెకు ఉంటున్న మేడ ఒకటి ఉన్నాయి. మురుగునీరు వాళ్ల గుమ్మంలోకీ వస్తుంది.

అందుకని వేరే గుంపు కట్టాము. నెలకో ఆదివారం ఉదయం, ఎండెక్కకముందే, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాము. కదిలిన కాలువ బండ, వెలగని దీపం, విరిగిన కుళాయి ఏది కనబడినా పుస్తకంలో రాస్తాము. మా అత్తగారి వయసువాళ్లు తెలుగే చదువుతారు, మా పిల్లలకు ఒడియా చదువు. అందుకని ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఒడియా. రాసేది మా అమ్మాయి. పోయిన నెల రాసినది ఈ నెల బాగుపడిందా లేదా అని పక్కనే టిక్కు పెడుతుంది.

కార్పొరేటరును పిలవండి, కానీ కుర్చీ వేసి దండ వేయకండి. మాతో పాటు నడవమనండి. పార్టీ జెండా ఒక్కసారి వచ్చిందంటే సగం ఇళ్లవాళ్లు తలుపు తీయరు.

విశ్రాంత గుమాస్తా:

చట్టం సంగతి నేను చెబుతాను. పట్టణ పాలన గురించి 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 243-ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక ప్రాంతంలో వార్డు కమిటీలు ఉండాలి. 2011 జనగణనలో మన ఊరి జనాభా మూడున్నర లక్షలు దాటింది. 2008లో కార్పొరేషన్ అయ్యాము, 2022లో మేయరును నేరుగా ఓటేసి ఎన్నుకున్నాము. కాబట్టి వార్డు కమిటీ గురించి అడగడం మనకున్న హక్కు, ఎవరినో బతిమాలుకోవడం కాదు. కమిటీ ఒకే వార్డుకు అయితే ఆ వార్డు నుంచి గెలిచిన సభ్యులే దానికి అధ్యక్షులు. మీ వార్డు కమిటీలో ఎవరెవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. ఒడిశాలో దానికి ఫారం-ఎ ఉంటుంది, రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

ఇంకొకటి. లైసెన్సు లేని చోట నూరుమందికి మించి జనం చేరే కార్యక్రమం చేసేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలనీ, చెత్తను అక్కడే వేరుచేసి అప్పగించాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో అప్పుడే రాశారు. యాత్ర కమిటీ ఆ ఉత్తరంలోనే “ఫలానా తేదీన మా వీధికి చెత్తబండి పంపండి” అని ఒక వాక్యం చేర్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటితో చెప్పిన మాటకు దస్త్రంలో చోటుండదు. నా ఉద్యోగమంతా అలాంటి ఉత్తరాలకు నంబర్లు వేయడంతోనే గడిచింది. నంబరు పడిన కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

లౌడ్‌స్పీకర్ల గురించి కూడా కమిటీవారికి చెప్పండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు వాడకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు గానీ, అలాంటి రోజులు ఏడాదిలో పదిహేనుకు మించకూడదు. కమిటీ దీన్ని ముందే పాటిస్తే పక్కింటి రోగి, పరీక్షల పిల్లలు కూడా మీ వైపే ఉంటారు.

పాతబస్తీ చీరల కొట్టు:

అందరికీ దండాలు. పెద్దాయన చెప్పిన ఆఖరి వాయిదా మాట మా కమిటీ పెద్దలకు చదివి వినిపించాను. కోశాధికారి గారు వెంటనే ఒప్పుకున్నారు, పందిరివాడితో బేరం ఆయనే కుదుర్చుకుంటారు కనుక.

చెల్లీ, నువ్వు చెప్పింది రాత్రంతా ఆలోచించాను. నిజమే, వేరే గుంపే మంచిది. యాత్ర కమిటీ గుంటలు, చెత్త వరకు చూసుకుంటుంది, కాలువ మాత్రం వీధంతటిదీ. వచ్చే ఆదివారం నడవడానికి మా వరసలో ఐదిళ్ల ఆడవాళ్లు ఒప్పుకున్నారు. మూలమలుపు దగ్గరున్న బేకరీ అతను చందా ఎప్పుడూ ఇవ్వలేదు, మొట్టమొదట అతన్నే పిలిచాను. మీ పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టగలవా? గడులు ఎలా గీశారో చూసి మేమూ అలాగే మొదలుపెడతాము.

గుమాస్తా గారూ, ఫారం-ఎ ఒడియాలో నింపాలా, ఇంగ్లీషులో నింపినా తీసుకుంటారా? మా అబ్బాయి ఒడియాలో బాగా రాస్తాడు, వాడి చేతే రాయిద్దామని ఉంది.